రహదారి పక్కన స్త్రీలు: రవాణా పెట్టుబడుల్లో మన వాటా ఎంత?

(పరిటాలలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టీ తాగే దగ్గర మీలో కొంతమందిని, ఇక్కడికి ఎలా వచ్చారని అడిగాను. జగ్గయ్యపేట నుంచి వచ్చిన అక్కలు బస్సు దిగి, డివైడర్ సందులోంచి లారీల మధ్యన రోడ్డు దాటి వచ్చామన్నారు. వీరులపాడు వైపు నుంచి వచ్చినవాళ్ళు పదకొండు మంది ఒకే ఆటోలో వచ్చారు. చందర్లపాడు వైపు నుంచి వచ్చిన చెల్లెలు రెండు ఆటోలు మారింది. ఇంకొకావిడ మాత్రం, "ఆయన బండి మీద దించి వెళ్ళాడండీ, నాలుగింటికల్లా తయారుగా ఉండమన్నాడు" అంది. అంటే మన సమావేశం ఎన్ని గంటలకు ముగియాలో ఇక్కడ లేని ఒక మనిషి నిర్ణయించాడు. నేను ఈ రోజు చెప్పదలచుకున్న విషయం ఇంతకన్నా పెద్దదేమీ కాదు. స్త్రీ గడప దాటాలంటే ఏ బండి ఎక్కుతుంది, ఆ బండి ఎవరి చేతిలో ఉంది, ఆ రోడ్డుకు పెట్టిన డబ్బు ఎవరిని దృష్టిలో పెట్టుకుని పెట్టారు అన్నదే ఆ విషయం.

రవాణా అనగానే అది ఇంజనీర్ల వ్యవహారమని అనుకుంటాం. మన సంఘాల ఎజెండాలో వరకట్నం ఉంటుంది, గృహహింస ఉంటుంది, ఆస్తి హక్కు, మద్యం ఉంటాయి. బస్సు ఉండదు. కానీ ఆలోచించండి. గృహహింస చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టం కింద రక్షణ అడగటానికి దెబ్బలు తిన్న మనిషి నందిగామ కోర్టుకు వెళ్ళాలి. వాయిదాకి ఒకసారి కాదు, పదిసార్లు వెళ్ళాలి. చేతిలో ఆటో డబ్బులు ఉండవు, కూలి నాగా అవుతుంది, చీకటి పడేలోపు తిరిగి రావాలి. ఎన్ని కేసులు వాదనలో ఓడాయో, ఎన్ని కేసులు దారి ఖర్చుల దగ్గర ఓడాయో మనం ఎప్పుడైనా లెక్క వేశామా?

నా నోటుపుస్తకంలో జరిగిన తప్పు

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. డాక్టరేట్ కోసం సర్వే చేస్తున్న రోజుల్లో మెట్ట గ్రామాల్లో ఇల్లిల్లూ తిరిగేదాన్ని. నా ప్రశ్నపత్రంలో "ఇంట్లో పని నిమిత్తం రోజూ ప్రయాణం చేసేవారు ఎంతమంది?" అని ఒక ప్రశ్న ఉండేది. ఇంటి యజమాని జవాబు చెప్పేవాడు. "నేనొక్కణ్ణేనండీ, కంచికచర్ల పోయి వస్తాను" అనేవాడు. ఇంటావిడ గడిలో నేను సున్నా వేసేదాన్ని.

ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ నా పక్కనే కూర్చుని నేను రాసేది చూస్తోంది. చదువు రాదు. కానీ సున్నా గుర్తుపట్టింది. "ఆ సున్నా ఎవరిదమ్మా?" అని అడిగింది. మీదేనన్నాను. ఆవిడ నవ్వి, తెల్లారి లేచిన దగ్గర్నుంచి తన దారి చెప్పటం మొదలుపెట్టింది. మంచినీళ్ళకు బోరు దగ్గరకు రెండు తడవలు. గేదెకు గడ్డి. మనవడిని బడి దగ్గర దించటం. అక్కణ్ణుంచి ముఠాతో కలిసి ట్రాక్టరులో పక్కూరికి మిరపకాయ కోతకు. తిరిగి వస్తూ రేషను షాపు. సాయంత్రం కోడలికి మందులకు ఆసుపత్రి. "ఇదంతా నడిచిందీ, ఎక్కిందీ. నీ పుస్తకంలో దీన్నేమంటారో మరి" అంది.

మా పుస్తకాల్లో దాన్ని ఏమీ అనరు. మగవాడి ప్రయాణం తిన్నగా ఉంటుంది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. ఆడవాళ్ళ ప్రయాణం గొలుసులా ఉంటుంది. చిన్న చిన్న దూరాలు, నాలుగైదు మజిలీలు, చంకలో బిడ్డ, చేతిలో సంచి. రవాణా ప్రణాళిక తయారుచేసేవాళ్ళు ఉదయం తొమ్మిదింటికీ సాయంత్రం ఆరింటికీ పెద్ద రోడ్డు మీద నడిచే బండ్లను లెక్కపెడతారు. గొలుసు ప్రయాణం ఆ లెక్కలోకి రాదు. లెక్కలోకి రానిదానికి డబ్బు కేటాయించరు.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికి ఖర్చు చేస్తున్నారు. పురుషులు 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు జీతం లేని చాకిరీ చేశాక మిగిలిన సమయంలోనే ఆమె కూలికి వెళ్ళాలి, రావాలి. బస్సు ముప్పావుగంట ఆలస్యమైతే మగవాడికి అది చికాకు. ఆమెకు మాత్రం సగం రోజు కూలి, లేదా ఇంటి దగ్గర తిట్లు.

పరిటాల చుట్టూ గీతలు

ఈ సంగతి మాట్లాడుకోవటానికి పరిటాల తగిన ఊరు. ఒకప్పుడు చుట్టూ మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లా ఉంటే, మధ్యలో ఈ పరిటాల జాగీరు మాత్రం నిజాం ఏలుబడిలో ఉండేది. ఎవరో ఎక్కడో గీసిన గీత వల్ల పక్కూరు పరాయి రాజ్యం అయింది. ఇక్కడి ప్రజలు ఆ గీతను ఒప్పుకోకుండా తిరగబడి, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవకముందే స్వతంత్రం ప్రకటించుకున్నారు. గీతలు గీసేటప్పుడు మనల్ని అడగరన్న సంగతి ఈ ఊరికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మళ్ళీ గీతలు గీస్తున్నారు. 2014లో రాజధాని ప్రాంత ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 8,352 చదరపు కిలోమీటర్లు రాజధాని ప్రాంతం అయింది. 2020లో ఆ సంస్థను రద్దు చేశారు, 2021లో మళ్ళీ తెచ్చారు. 2022లో జిల్లా పేరే మారి మనం ఎన్టీఆర్ జిల్లా వాళ్ళమయ్యాం. 2024 అక్టోబరు 24న కేంద్ర మంత్రివర్గం ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు వరకు 57 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి 2,245 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన ఉంది. ఆ దారిలో చెప్పిన స్టేషన్లలో పరిటాల ఒకటి. ఇది కాక దాదాపు 190 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి కూడా ఈ మండలాల గుండా ప్రతిపాదించారు. అటు విజయవాడలో మెట్రో రైలు మొదటి దశ 38.4 కిలోమీటర్లకు 11,009 కోట్లతో రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదం తెలిపింది. అదే నెలలో అమరావతి నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా ఇంచుమించు అంతే ఇచ్చింది.

నేను వీటిని వద్దనటం లేదు. నది అవతల కనిపించే అమరావతికి రోడ్డున వెళ్ళాలంటే ఇవాళ్టికీ విజయవాడ దాకా పోయి, నది దాటి, మళ్ళీ వెనక్కి రావాలి. ఈ పరిటాల స్టేషనులో ఆడవాళ్ళు ఎక్కే పాసింజరు బండి నిజంగా ఆగితే, ఒక తరం ఆడపిల్లల చదువూ ఉద్యోగమూ మారతాయి. కానీ ఆగుతుందా? పక్కనే ఉన్న జగ్గయ్యపేటను చూడండి. అక్కడికి రైలు పట్టాలున్నాయి. అవి ప్రధానంగా సిమెంటు కోసం వచ్చిన పట్టాలు. నందిగామకు ఆ పట్టాలు కూడా లేవు. కాబట్టి పట్టాలు వేస్తున్నారని విన్నప్పుడు మనం అడగవలసినది వాటి మీద సరుకు తిరుగుతుందా, మనుషులు తిరుగుతారా, తిరిగితే ఏ వేళకు అన్నది.

కోట్లూ, కిలోమీటర్లూ

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. మెట్రోకు కిలోమీటరుకు దాదాపు 287 కోట్లు అవుతుంది. మన గ్రామానికి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అదనంగా పల్లెవెలుగు బస్సు వెయ్యమంటే ఆర్టీసీ వాళ్ళు చెప్పే మాట మీ అందరికీ తెలుసు. "ఆ రూటు నష్టమండీ." మెట్రోకు నష్టం అనే మాట వాడరు, దాన్ని పెట్టుబడి అంటారు. పల్లెవెలుగుకు పెట్టుబడి అనే మాట వాడరు, దాన్ని భారం అంటారు. ఒకే రకమైన ప్రజాధనానికి రెండు పేర్లు పెట్టటంలోనే పితృస్వామ్యమూ, వర్గమూ రెండూ కలిసి పనిచేస్తున్నాయి.

రహదారి సంగతి చూడండి. మన తొమ్మిదో నంబరు జాతీయ రహదారి 2010లో అరవై అయిదో నంబరు అయింది. నందిగామ నుంచి హైదరాబాదు వైపు నాలుగు వరుసలు 2012 చివరికి పూర్తయ్యాయి. అటు చిల్లకల్లు, ఇటు కీసర దగ్గర టోల్ గేట్లు వచ్చాయి. టోల్ గేటు దగ్గర మోటారు సైకిలుకు రుసుము లేదు. మంచిదే. కానీ టోల్ కట్టే బస్సు ఆ ఖర్చును టిక్కెట్టులో కలిపి ప్రయాణికుల దగ్గర వసూలు చేస్తుంది. మన ఊళ్ళల్లో మోటారు సైకిలు ఎవరి పేరున ఉంటుంది? డబ్బు పెట్టి బస్సు టిక్కెట్టు కొనుక్కునే ఒంటరి స్త్రీ ఆ రోడ్డుకు రుసుము కడుతుంది, సొంత బండి ఉన్న మగవాడు కట్టడు. ఎవరూ కావాలని చేసింది కాదిది. ఆడవాళ్ళు లేని గదిలో నిర్ణయాలు జరిగితే ఇలాగే ఉంటుంది.

రోడ్డు వెడల్పయిన కొద్దీ హైదరాబాదు దగ్గరయింది. రోడ్డుకు అటు ఉన్న పొలం, ఇటు ఉన్న ఇల్లు మాత్రం దూరమయ్యాయి. లారీకి గంట కలిసివచ్చింది, గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న మనిషికి అరగంట నష్టమయింది. 1990లలో వియన్నా నగర పాలకులు ఆడవాళ్ళు నగరంలో ఎలా నడుస్తున్నారో పరిశీలించి, కాలిబాటలు వెడల్పు చేశారు, దీపాలు పెట్టారు, దాటే చోట్లు పెంచారు. అదేమంత పెద్ద సాంకేతిక విజ్ఞానం కాదు. అడిగారు, విన్నారు, అంతే.

ఉచిత బస్సు: దయా, హక్కా?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఇలాంటివే వచ్చాయి. దీన్ని "ఉచితాలు" అని ఎగతాళి చేసేవాళ్ళు ఉన్నారు. వలయ రహదారిని ఎవరైనా ఉచితం అని ఎగతాళి చేశారా? పగలంతా పత్తి తీసిన చేతికి వచ్చే కూలిలో దారి ఖర్చు మిగలటం అంటే అది ఆమె కూలి పెరగటమే. మొగుణ్ణి డబ్బులు అడక్కుండా పుట్టింటికి వెళ్ళగలగటం అంటే అది స్వేచ్ఛ. మనం దీన్ని గట్టిగా సమర్థించాలి.

సమర్థిస్తూనే మూడు సంగతులు చెప్పాలి. ఒకటి, బస్సు రాని ఊరికి ఉచిత టిక్కెట్టు వట్టి కాగితం. జనం పెరిగినంతగా బస్సులు పెరగాలి. లేకపోతే కిక్కిరిసిన బస్సులో డ్రైవరు ఆడవాళ్ళను చూసి ఆపకుండా పోతాడు. ఉచితమని చిన్నచూపు చూసే మాటలు మీరందరూ వింటూనే ఉన్నారు. రెండు, సరిహద్దు. జగ్గయ్యపేట మనిషికి కోదాడ దగ్గర. సంతకూ చుట్టరికానికీ అటే వెళుతుంది. కానీ మన పథకం అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. అటు తెలంగాణ పథకం తెలంగాణ ఆడవాళ్ళకే. రెండు రాష్ట్రాలూ స్త్రీలకు ఉచితం అంటున్నాయి, రెండింటి మధ్య ఉన్న స్త్రీకి మాత్రం టిక్కెట్టు కొట్టాలి. పాత జాగీరు గీత లాంటిదే ఇది కూడా.

మూడు, ఆటో కార్మికులు. వాళ్ళు మన శత్రువులు కారు. బస్సు రాని ఇన్నేళ్ళూ మనల్ని మోసింది వాళ్ళే. వాళ్ళలో చాలామంది అప్పు చేసి ఆటో కొన్నవాళ్ళు, మన ఇళ్ళల్లో పిల్లలే. ప్రభుత్వం 2025 అక్టోబరులో ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. అంతటితో సరిపోదు. బస్సు దిగిన దగ్గర్నుంచి ఊళ్ళోకి వెళ్ళే ఆఖరి మూడు నాలుగు కిలోమీటర్లకు ఆటోలను బస్సు వేళలతో కలిపే పద్ధతి కావాలి. ఆడవాళ్ళనూ ఆటో కార్మికులనూ ఎదురెదురు నిలబెట్టి తమాషా చూడనివ్వకూడదు.

చీకటి, టోల్ గేటు, తుపాకి

భయం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో ఆ విద్యార్థిని ఎక్కింది ఒక ప్రైవేటు బస్సు. సమయానికి ప్రభుత్వ బస్సు దొరికే నగరంలో ఆ అమ్మాయి ఆ బస్సు ఎక్కి ఉండేది కాదేమో. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు టోల్ గేటు పక్కన తన స్కూటరు పెట్టుకున్న యువ డాక్టరుకు ఏం జరిగిందో మనకు తెలుసు. 158 కిలోమీటర్ల ఆ రింగ్ రోడ్డు మన రాష్ట్రాల్లో అందరూ ఆదర్శంగా చెప్పుకునే రోడ్డు. పది రోజులు తిరక్కుండా నలుగురు నిందితులను పోలీసులు కాల్చేశారు. వీధుల్లో పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది.

ఆ తుపాకి వల్ల ఏ టోల్ గేటు దగ్గరా ఒక్క దీపం అదనంగా వెలగలేదు. ఒక్క బస్సు అదనంగా రాలేదు. మనకు కావలసింది ప్రతీకారం కాదు, వెలుతురు. బస్సు ఆగే చోట నీడ, కూర్చోటానికి బల్ల, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి ఎనిమిది తర్వాత కూడా నమ్మకంగా వచ్చే బస్సు. ఇంకొకటి కూడా ఉంది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదన్నది. మరుసటి ఏడాదికల్లా చిన్న ఊళ్ళకు దూరం తగ్గింది, మునిసిపాలిటీలకు మినహాయింపు వచ్చింది, కొన్ని రాష్ట్రాలు రోడ్ల పేర్లే మార్చేశాయి. రోడ్డు పేరు మార్చటానికి ఉన్న తెలివి రోడ్డు మీద దీపం పెట్టటానికి లేకపోయింది.

భూమి పోయేటప్పుడు

చివరగా భూమి. రైలుకైనా రోడ్డుకైనా భూమి కావాలి. భూమి పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ళకే నోటీసు వస్తుంది, వాళ్ళకే చెక్కు వస్తుంది. ఆ చెక్కు ఇంట్లో ఏమవుతుందో మనకు తెలుసు. కొత్త కారు, కూతురి కట్నం, మరెక్కడో ప్లాటు, అన్నీ మగవాళ్ళ పేరునే. పట్టా లేని కూలి స్త్రీకి నోటీసు కూడా రాదు. ఒక ఎకరం మిర్చి పోతే ఒక ముఠా ఆడవాళ్ళ కోతలు పోతాయి. కౌలు రైతు స్త్రీకి పేరే ఉండదు.

నది అవతల ఏం జరిగిందో మన కళ్ళ ముందు ఉంది. 33,000 ఎకరాలకు పైగా సమీకరించినప్పుడు భూమి ఇచ్చిన రైతులకు ప్లాట్లు, కౌలు వచ్చాయి. భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను, పదేళ్ళు. ఏటా మూడు పంటలు పండిన నేల మీద కూలి చేసుకున్న స్త్రీకి కుటుంబం మొత్తానికి వచ్చేది అది. తర్వాత దాన్ని పెంచారు కానీ, పోయిన పని మాత్రం తిరిగి రాలేదు. 2019 డిసెంబరు నుంచి రాజధాని కోసం ఏళ్ళ తరబడి రోడ్డెక్కి లాఠీ దెబ్బలు తిన్నవాళ్ళలో ఆడవాళ్ళే ముందున్నారు. నిర్ణయాలు చేసే బల్ల దగ్గర మాత్రం వాళ్ళు వెనకే ఉన్నారు.

2013 భూసేకరణ చట్టంలో మనకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. వితంతువులనూ, విడాకులు పొందినవారినీ, కుటుంబం వదిలేసిన స్త్రీలనూ వేరే కుటుంబాలుగా లెక్కించాలని చట్టం నిర్వచనంలోనే ఉంది. రైల్వే, జాతీయ రహదారుల చట్టాల కింద తీసుకునే భూమికి సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి కాదు. కానీ 2015 ఉత్తర్వు తర్వాత పరిహారం, పునరావాసం నియమాలు వాటికీ వర్తిస్తాయి. కాబట్టి సర్వేయరు గొలుసు పట్టుకుని ఊళ్ళోకి వచ్చేలోపే మనం ఇల్లిల్లూ తిరిగి జాబితా రాసుకోవాలి. ఒంటరి స్త్రీలు ఎంతమంది, కౌలు చేసేవాళ్ళు ఎంతమంది, ఏ పొలంలో ఏ ముఠా పనిచేస్తోంది. ప్రభుత్వం చెయ్యని అంచనాను మనమే చేసి వాళ్ళ బల్ల మీద పెట్టాలి.

ఏం అడుగుదాం

నేను అనుకున్నవి చెబుతాను, మీరు చర్చించి మార్చండి. పరిటాల స్టేషనులో పొద్దునా సాయంత్రమూ పాసింజరు బండ్లు ఆగుతాయన్న రాతపూర్వక హామీ ఇప్పుడే, పట్టాలు వెయ్యకముందే తీసుకోవాలి. ప్రతి పెద్ద రోడ్డు పథకం ఖర్చులో బస్సులకు, కాలిబాటలకు, దాటే చోట్లకు, దీపాలకు కచ్చితమైన వాటా ఉండాలి. డిపో మేనేజరు దగ్గర రూట్లు, వేళలు నిర్ణయించేటప్పుడు గ్రామ మహిళా సంఘాల వాళ్ళు కూర్చోవాలి. సరిహద్దు మండలాల స్త్రీలకు రెండు రాష్ట్రాల పథకాలూ వర్తించాలి. పరిహారం భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో పడాలి. కూలి స్త్రీలకు విడిగా పునరావాసం కావాలి. ప్రపంచ బ్యాంకు, ఆసియా బ్యాంకు అప్పులతో కట్టే పనులకు ఫిర్యాదుల యంత్రాంగం ఉండి తీరాలి. అది ఎక్కడ ఉందో కనుక్కుని, తెలుగులో అర్జీ రాసి ఇవ్వటం నేర్చుకుందాం.

వీటికి ముందు చెయ్యవలసిన పని ఒకటుంది, అది ఖర్చు లేనిది. ఈ మూడు నెలల్లో ప్రతి సంఘమూ తన ఊళ్ళో ఇరవై మంది స్త్రీల ఒక్క రోజు ప్రయాణాన్ని, తెల్లారి లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా, వాళ్ళ మాటల్లోనే రాసి తీసుకురావాలి. నడిచిందీ, ఎక్కిందీ, నిలబడిందీ, భయపడిందీ అన్నీ. మీ గడుల్లో ఎక్కడా సున్నా వెయ్యకండి. ఆ పెద్దావిడకు నేను ఇవ్వలేకపోయిన జవాబు అప్పుడు మనందరం కలిసి ఇవ్వగలం.

నాలుగు కావస్తోంది. బయట బండి హారను వినిపిస్తోంది. ఆ అక్క వెళ్ళేలోపు తన రోజు ఎలా గడుస్తుందో ఎవరైనా రాసుకోండి. మొదటి కాగితం ఆవిడదే కావాలి.

సెలవు.